లైకా, కాంటాక్సు

నా బల్లమీద రెండు పాత జర్మను కెమెరాలు కలవు. రెండును ఒక మిత్రుని సొత్తు. నెల దినములకని ఎరువు తెచ్చుకొని ఇంకను తిరిగి ఇయ్యలేదు. ఒకటి లైకా, 1935లో వెలువడిన నమూనా. రెండవది కాంటాక్సు, 1936 నాటిది. రెంటిలోను విద్యుత్తు పని లేదు. స్ప్రింగులు, పళ్ళచక్రములు, గాజు, ఇంతే. రేడియోలో పనిచేయువానికి కంటికంటె చెవి ముందు నడచును కాబోలు. నేను మొదట చేసిన పని ఫిలిము లేకయే రెంటి మీటలను నొక్కి వాని చప్పుడు వినుట. లైకా చప్పుడు మెత్తనిది, ప్రక్కగదిలో ఎవరో పుస్తకము మూసినట్లుండును. కాంటాక్సు చప్పుడు గట్టిది, లోహపుది, చిన్న ఇనుపపెట్టె మూత పడినట్లుండును. ఆ చప్పుడు విన్న మా ఇంటి పిల్లి చెవులు రిక్కించినది, లైకాను లెక్కచేయలేదు.

ఒకదానిలో కదలునది బట్ట, రెండవదానిలో కదలునది ఇత్తడి. చప్పుళ్ల భేదమునకు కారణము ఇదే. ఈ భేదమునుండియే పలువురు ఒక తీర్పు చెప్పుదురు: కాంటాక్సు కాగితముమీద గొప్పది, కాని దాని షట్టరు సున్నితమైనది, చిక్కులమారిది, అందువలన ఓడెను; లైకా సరళమైనది, అందువలన గెలిచెను. పాత కెమెరాల మీద మక్కువగలవారి సంభాషణలలో ఈ మాట సామెతవలె పాతుకొనిపోయినది. నాకు ఈ తీర్పు సగము మాత్రమే నిజమని తోచును. తక్కిన సగము యంత్రముల కడుపులో లేదు, 1945వ సంవత్సరములో కలదు. అక్కడికి పోవుటకు ముందు ఈ రెండు యంత్రములు ఎట్లు పుట్టినవో చూడవలెను.

ఆస్కార్ బార్నాక్ 1879లో బ్రాండెన్‌బర్గు ప్రాంతపు చిన్న గ్రామమొకదానిలో జన్మించెను. యంత్రపనివాడుగా పలుచోట్ల తిరిగి యేనా నగరమున జైస్ సంస్థలో కుదిరెను. ఇది గుర్తుంచుకొనదగిన సంగతి: లైకాను సృజించినవాడు, పిమ్మట దానికి ప్రత్యర్థిని తెచ్చిన ఇంటిలోనే ఉప్పు తిన్నవాడు. అచ్చట అతనితో పనిచేసిన ఎమిల్ మెఖావు అను నతడు వెట్జ్లారు పట్టణమందలి లైట్జు సంస్థకు వెళ్లి, బార్నాక్ పనితనమును గూర్చి చెప్పి సిఫారసు చేసెను. 1911 జనవరిలో బార్నాక్ వెట్జ్లారు చేరెను. లైట్జు వారు సూక్ష్మదర్శినులకు పేరుపొందినవారు. కెమెరాల వ్యాపారము వారిది కాదు.

బార్నాక్‌కు ఉబ్బసము. కొండలలో, అడవులలో తిరిగి చిత్రములు తీయవలెనని కోరిక. ఆ కాలపు కెమెరా మోయుటకు బలిష్ఠునికే కష్టము: పెట్టె, పదమూడు పదునెనిమిది సెంటీమీటర్ల గాజుపలకలు, వాని చట్రములు, ముక్కాలిపీట. రొమ్ము బలహీనమైనవాడు ఈ సరంజామాతో కొండ యెక్కలేడు. చిన్న నెగెటివు తీసి దానినుండి పెద్ద చిత్రమును ముద్రించుకొనరాదా అను ఆలోచన అతనికి అప్పుడే కలిగెను. సినిమా ఫిలిము సిద్ధముగా ఉన్నది; వెడల్పు 35 మి.మీ. సినిమాలో ఒక్కొక్క బొమ్మ 18 మి.మీ. ఎత్తు, 24 మి.మీ. వెడల్పు. బార్నాక్ ఫిలిమును అడ్డముగా నడిపించి ఆ కొలతను రెండింతలు చేసెను: 24 మి.మీ., 36 మి.మీ. ఈనాటి డిజిటల్ కెమెరాలలో 'ఫుల్ ఫ్రేము' అని వ్యవహరించు కొలత ఇదియే. ఉబ్బసపు రోగి యొకడు శతాబ్దమునకు పూర్వము వేసిన లెక్క నేటికిని చెరగలేదు.

1914 నాటికి అరచేతిలో ఇముడు నమూనా తయారయ్యెను. అంతలో మహాయుద్ధము వచ్చి పని మూలబడెను. బార్నాక్ మాత్రము దానిని జేబులో వేసికొని తిరుగుచునే యుండెను. 1920లో లాన్ నది పొంగి వెట్జ్లారు వీథులు నీట మునిగినప్పుడు అతడు తీసిన చిత్రములు నేటికిని కలవు. వానిని చూచినచో ముక్కాలిపీట లేని కెమెరా అనగా నేమో తెలియును: తీసినవాడు వరదనీటి ప్రక్కనే జనములో ఒకడై నిలిచియున్నాడు.

యుద్ధము ముగిసినది, మార్కు విలువ పాతాళమునకు దిగినది, సూక్ష్మదర్శినులకు బేరము తగ్గినది. పనివారికి పని చూపవలెను. 1924 జూన్‌లో సంస్థలోని పెద్దలు కూడి ఈ చిన్న కెమెరాను తయారుచేయుటయా మానుటయా అని గంటల తరబడి వాదించుకొనిరి. వలదన్నవారు తక్కువవారు కారు. చివరకు అధిపతి యగు రెండవ ఎర్నెస్టు లైట్జు తానే పూచీ వహించి చేయుదమని నిర్ణయించెను. 1925లో లైప్‌జిగు వసంతపు సంతలో లైకా ప్రజలకు కనబడెను. పేరు 'లైట్జు', 'కెమెరా' అను రెండు మాటల మొదళ్లను కలిపినది. దాని కటకమును గణించినవాడు మాక్సు బేరెక్. ఫిలిమును ఒక్కచుట్టు తిప్పగానే షట్టరుకూడ బిగియును. కనుక ఒకే చోట రెండు బొమ్మలు పడు పొరపాటు ఉండదు. ఈనాడు ఇది సామాన్యముగా కనబడును గాని, ఆనాడు చేయితిరిగిన ఛాయాగ్రాహకులకును ఆ పొరపాటు నిత్యము జరుగునదే.

తపాలాబిళ్లంత నెగెటివును చూచి వృత్తికారులు నవ్విరి. నవ్విన నాపచేనే పండినది. అయిదారేండ్లలో లైకా చేతబట్టనివాడు పాతకాలపువాడని యనిపించుకొను పరిస్థితి వచ్చెను.

జైస్ వారు ఊరకుండలేకపోయిరి. 1926లో నాలుగు పెద్ద కెమెరా సంస్థలు కలసి డ్రెస్డెనులో జైస్ ఐకాను ఏర్పడియుండెను. జర్మనీలో అంతకు మించిన కెమెరా సంస్థ లేదు. సూక్ష్మదర్శినులు చేసికొను వెట్జ్లారు వారు తమను దాటిపోవుట వారికి పరువు సమస్య అయ్యెను. 1932లో కాంటాక్సు వెలువడెను. దాని శిల్పి హైంజ్ క్యుపెన్‌బెండర్. అది లైకాకు నకలు కాదు. లైకాలో ఎచ్చట ఏ లోపమున్నదో పట్టిక వ్రాసికొని ఒక్కొక్కదానిని మించునట్లు చేసిన యంత్రమది. ఈ మాటను మెచ్చుకోలుగాను చదువవచ్చును, తప్పుగాను చదువవచ్చును. బార్నాక్ ముందు ఒక మనిషి యుండెను, ఊపిరి చాలని తానే. క్యుపెన్‌బెండర్ ముందు ఒక కెమెరా యుండెను.

షట్టరు సంగతి మొదట చెప్పుదును. లైకాలో రబ్బరు పూసిన రెండు బట్టతెరలు ఫిలిము ముందు అడ్డముగా పరుగెత్తును. మొదటి తెర తీయబడగానే వెలుగు పడును, రెండవ తెర వెంటాడి వచ్చి మూయును. రెంటి నడుమ సందు ఎంత సన్ననిదైన వేగము అంత యెక్కువ. కాంటాక్సులో తెరలు ఇత్తడివి, పైనుండి క్రిందికి పడునవి. మన బజారులలో దుకాణముల ముందు రాత్రివేళ గడగడమని దించు ఇనుపతలుపును షట్టరు అనియే అందుము. కాంటాక్సు షట్టరు అచ్చముగా అట్టిదే: సన్నని ఇత్తడి పట్టీలు ఒకదానిలో నొకటి కీలుగా కూర్చి చుట్టబడియుండును. రెండు భాగములను కలిపి నడుపునవి పట్టునాడాలు. లోహపు తెర కనుక ఎండలో భయము లేదు. లైకాను మూత లేక సూర్యునికి ఎదురుగా ఉంచినచో కటకము భూతద్దమై బట్టకు రంధ్రము పొడుచును. ఇది మన దేశపు ఎండలో లైకా వాడినవారికి తెలిసినదే. మఱియు అడ్డముగా 36 మి.మీ. పోవుటకు బదులు నిలువుగా 24 మి.మీ. పోవుట దగ్గరిదారి. ఆ దారినే లైకా సెకనులో అయిదువందలవ వంతు దగ్గర నిలిచియున్న 1932లో కాంటాక్సు వేయవ వంతును అందుకొనెను.

కాని యంత్రమున పనిముట్లు పెరిగిన కొలది చెడుటకు చోట్లు పెరుగును. మొదటి కాంటాక్సు షట్టరు తరచు మొరాయించెను. 1936 వరకు లోపల మార్పులమీద మార్పులు చేసిరి. పట్టునాడా నలిగిపోయినచో మార్చుట సామాన్యుడైన మరమ్మతుదారునకు సాధ్యము కాదు. లైకా బట్టతెర చిరిగినచో కత్తెర, జిగురు, ఓర్పు గల పనివాడు చాలును.

ఇక గురి కుదుర్చుకొను పద్ధతి. వస్తువు ఎంత దూరమున ఉన్నదో మన రెండు కన్నులు కలసి చెప్పునట్లే, ఈ కెమెరాలలో రెండు చిన్న కిటికీలు కలసి చెప్పును. రెంటినుండి వచ్చిన రెండు బొమ్మలు ఒకదానిమీద నొకటి అతుకునట్లు కటకమును త్రిప్పినచో గురి కుదిరినట్లు. దీనిని దూరమాపకము అందము. రెండు కిటికీలు ఎంత ఎడముగా నున్న కొలత అంత నిక్కము. లైకాలో ఆ యెడము నాలుగు సెంటీమీటర్లకు లోపు. రెండవ కాంటాక్సులో తొమ్మిది. లైకావారు దూరమాపకపు బొమ్మను ఒకటిన్నర రెట్లు పెద్దదిగా చూపి ఆ కొఱతను కొంత కప్పిపుచ్చిరి. మఱియొక భేదము: లైకాలో గురి చూచు రంధ్రము వేరు, బొమ్మ హద్దులు చూచు రంధ్రము వేరు. రెండవ కాంటాక్సులో రెండును ఒక్క కిటికీలోనే. ఒక మనిషి ముఖమున నవ్వు విరియుచున్నప్పుడు కన్నును ఒక రంధ్రమునుండి మఱియొక రంధ్రమునకు మార్చవలసివచ్చుట చిన్న విషయము కాదు. ఆ లోపల నవ్వు పోవును.

ఇంత ఖచ్చితము ఎందులకనగా కటకములకై. జైస్‌లో లుడ్విగు బెర్టెలె అను మేధావి యుండెను. ఆయన గణించిన సొన్నార్ కటకము ఎఫ్ 1.5 వరకు తెరచుకొనును. దీపపు వెలుతురులో చిత్రములు తీయవచ్చును. అంత తెరచినచో మీటరు దూరమున స్పష్టముగా వచ్చు లోతు మూడు నాలుగు సెంటీమీటర్లు మాత్రమే. కన్ను స్పష్టమైనచో చెవి మసకబారును. ఇంకొక సూక్ష్మము కలదు. గాజు గాలిని తాకు ప్రతి తలమువద్ద కొంత వెలుగు వెనుకకు మరలి, లోపల చెదరి, బొమ్మను పాలిపోవజేయును. గాజుకు పై పూత పూయు విద్య జైస్‌లోనే 1935లో స్మకులా అను శాస్త్రజ్ఞుడు కనిపెట్టెను గాని అది అందరికి అందుటకు కాలము పట్టెను. పూత లేని రోజులలో తలములు తక్కువగా నున్న కటకమే గొప్పది. సొన్నార్‌లో ఏడు గాజుముక్కలను అతికి మూడు గుంపులు చేసిరి. గాలిని తాకు తలములు ఆరే. 1936లో లైకాకు వచ్చిన అదే వెలుగుగల జెనాను కటకములో తలములు పది. ఒక్కొక్క తలమువద్ద నూటికి అయిదు పాళ్లు పోవుననుకొన్నచో, సొన్నార్ నూటికి డెబ్బదిమూడు పాళ్ల వెలుగును, జెనాను అరువది పాళ్లను లోనికి పంపును. పోయినదానిలో కొంత వట్టినే పోక చిత్రమును చెరచును. ఈ పందెములో కాంటాక్సు గెలుపు నిస్సందేహము.

లెక్కలు చాలించి చేతిలోనికి తీసికొందము. లైకా జేబులో జారును. అంచులు గుండ్రనివి, వేళ్లు తమంతట సర్దుకొనును. కాంటాక్సు బరువైనది, మూలలు పదునైనవి. దాని ముందు కిటికీ సరిగా కుడిచేతి నడిమివ్రేలు వాలుచోట నున్నది. ఆ వ్రేలిని మడిచి పట్టుకొనుట నేర్చుకొనువరకు నాకు దూరమాపకములో చీకటియే కనబడెను. ఫిలిము ఎక్కించుటలో మాత్రము కాంటాక్సు దయగలది: వెనుకభాగమంతయు ఊడివచ్చును, లోపల ఏమి జరుగుచున్నదో కంటికి కనబడును. ఊడిన తలుపును ఎచ్చట పెట్టుకొనవలెననునది వేరే చిక్కు; నిలుచున్నచోట పళ్లతో పట్టుకొనుట ఒక్కటే ఉపాయము. లైకాకు అడుగుపళ్ళెము మాత్రమే వచ్చును. ఫిలిము కొనను పది సెంటీమీటర్ల మేర సన్నగా కత్తిరించి, సందులోనికి గ్రుడ్డిగా దూర్చవలెను. మా తమ్ముని కూతురి నామకరణమునాడు నేను తగినంత కత్తిరింపక దూర్చితిని. ముప్పదియారు చిత్రములు తీసితినని మురిసితిని, ఒక్కటియు పడలేదు. ఫిలిము నిజముగా కదలుచున్నచో ఎడమవైపు గుండీ దానంతట అది తిరుగును. అది చూచుకొనకపోవుట నా తప్పు. మా మరదలు ఆ సంగతిని ఇంకను మరువలేదు.

తిన్నగా పనిచేయుచున్న రెండు యంత్రములను ప్రక్కప్రక్కన వాడినచో, నా అనుభవమున, కాంటాక్సు తీయుటకు నిశ్చయము నిచ్చును. లైకా తీయవలెనను కోరికను పుట్టించును. ఇది శాస్త్రము కాదని యెఱుగుదును.

ఇద్దరు మహాఛాయాగ్రాహకులు చెరియొక పక్షమున నిలిచిరి. ఫ్రెంచివాడు ఆన్రీ కార్తియే బ్రెస్సాన్ 1932లో లైకా కొని ఇంచుమించు జీవితమంతయు దానిని విడువలేదు. 1940లో జర్మనులకు చిక్కుటకు ముందు తన లైకాను వోజ్ ప్రాంతపు పొలములో పాతిపెట్టెను. చెరనుండి మూడవ ప్రయత్నమున తప్పించుకొని వచ్చి 1943లో దానిని త్రవ్వితీసెను. 1948 జనవరి 30వ తేదీన ఆయన ఢిల్లీలో మహాత్మునితో మాటలాడి వచ్చిన కొంతసేపటికే హత్య జరిగెను. ఆ రాత్రి బిర్లాభవనపు ద్వారమువద్ద, మసకవెలుతురులో నెహ్రూ ప్రజలకు దుర్వార్త చెప్పుచున్న చిత్రము ఆయన తీసినదే. అది స్పష్టమైన చిత్రము కాదు. స్పష్టముగా నున్నచో ఆ రాత్రికి అబద్ధమగునేమో.

హంగేరీలో పుట్టిన రాబర్టు కాపా స్పెయిను యుద్ధపు తొలినాళ్లలో లైకా వాడినవాడే, పిమ్మట కాంటాక్సుకు మారెను. 1944 జూన్ 6వ తేదీన మిత్రసేనలు నార్మండీ తీరమున దిగినప్పుడు, తుపాకిగుండ్ల నడుమ నీటిలో ఆయన చేత రెండు కాంటాక్సులుండెను. ఆ దినమున ఆయన తీరమున తీసినవానిలో కొద్ది చిత్రములే మనకు మిగిలినవి. లండనులో చీకటిగది కుర్రవాని తొందరవలన ఫిలిము కరగెనని చాలకాలము చెప్పుకొనిరి. ఇటీవలి పరిశోధకులు ఆ కథను నమ్ముట లేదు. ఏమైనను, ఉప్పునీటిలో, ఇసుకలో ఆ నాజూకు షట్టరు తన పని తాను చేసెను.

ఇప్పుడు 1945. ఫిబ్రవరి 13, 14 తేదీలలో డ్రెస్డెను బాంబులకు దగ్ధమయ్యెను. జైస్ ఐకాను కర్మాగారములు దెబ్బతినెను. కటకములు చేయు యేనాను ఏప్రిల్‌లో అమెరికా సేనలు పట్టుకొనెను. ఒప్పందము ప్రకారము జూలైలో దానిని రష్యావారికి అప్పగించిరి. పోవుచు అమెరికావారు జైస్ నిపుణులను ఎనుబదిమందికి పైగా తమవెంట పడమటికి తీసికొనిపోయిరి. క్యుపెన్‌బెండర్ వారిలో ఒకడు. మిగిలిన యంత్రసామగ్రిని యుద్ధనష్టపరిహారము క్రింద రష్యావారు తీసికొనిరి. కాంటాక్సుకు కావలసిన పనిముట్లను, విడిభాగములను యేనాలో తిరిగి సమకూర్చి, కీవు నగరపు ఆర్సెనాల్ కర్మాగారమునకు తరలించిరి. 1947 మొదలు అచ్చట వెలువడిన 'కీవు' కెమెరా పేరుమార్చుకొన్న కాంటాక్సే. తొలికాలపువానిలో జర్మను భాగములే యుండెను.

వెట్జ్లారు అదృష్టము వేరు. అది అమెరికావారి వంతునకు వచ్చెను. లైట్జు కర్మాగారము పెద్దనష్టము లేక నిలిచెను. యజమానిని గూర్చి ఒక మాట చెప్పవలెను. నాజీల యేలుబడిలో ఎర్నెస్టు లైట్జు తన యూదు ఉద్యోగులను, మఱికొందరిని జర్మనీ దాటించి న్యూయార్కు మొదలగు చోట్ల పనులలో నిలిపెను. ఆయన కుమార్తె ఎల్సీ ఒక యూదు స్త్రీ పారిపోవుటకు తోడ్పడినందుకు 1943లో గెస్టాపో చెరలో ఉండెను. అదే కర్మాగారమున తూర్పుదేశములనుండి బలవంతముగా తెచ్చిన పనివారును యుద్ధకాలమున మగ్గిరి. రెండును నిజములే, ఒకటి చెప్పి రెండవది దాచరాదు.

ఈ విధముగా లైకాకు ఊరు మిగిలినది, పనివారు మిగిలిరి, పాత పటములు మిగిలినవి. కాంటాక్సుకు ఊరు బూడిదయైనది, తల పడమటికి, చేతులు తూర్పునకు పోయినవి. ఇది షట్టరు దోషము కాదు. షట్టరే కాంటాక్సును చంపినదన్నచో, అదే ఇత్తడిషట్టరుతో కీవు కర్మాగారము ఇంచుమించు నలువది సంవత్సరములు, 1980 దాటువరకు, కెమెరాలు ఎట్లు చేయగలిగెను? పడమట ష్టుట్గార్టులో జైస్ ఐకాను వారు 1950లో షట్టరును సరిదిద్ది, శరీరమును చిన్నదిచేసి క్రొత్త కాంటాక్సును తెచ్చిరి. అది చక్కని యంత్రమని వాడినవారందరు ఒప్పుకొందురు. కాని అప్పటికి అయిదేండ్లు గడచినవి. ఆ అయిదేండ్లలో లోకము ఆగియుండలేదు.

లైకాను చూచి ఇతరులు చేసికొనుట యుద్ధమునకు ముందే మొదలైనది. విద్యావేత్త మకరెంకో ఖార్కోవులో నడిపిన అనాథబాలుర కమ్యూనులో 1934 మొదలు 'ఫెడ్' అను పేర లైకా నకలును తయారుచేసిరి. ఓడిన జర్మనీ పేటెంట్లకు యుద్ధానంతరము రక్షణ పోయెను. ఎవరైనను దేనినైనను చేసికొనవచ్చును. ఇంతటి స్వేచ్ఛ లభించినప్పుడు తెలిసిన ఇంజనీరు దేనిని ఎంచుకొనును? ఈ ప్రశ్నకు టోకియో ఇచ్చిన సమాధానము నాకు చాల నచ్చినది.

నిప్పాన్ కొగాకు అను సంస్థ 1917లో పుట్టినది. యుద్ధకాలమున సైన్యమునకు దుర్భిణీలు, గురిచూచు సాధనములు చేసినది. యుద్ధము ముగియగా దానికి బ్రతుకుతెరువు కావలసివచ్చెను. 1948లో అది తెచ్చిన 'నైకాను' కెమెరాను దూరమునుండి చూచినచో కాంటాక్సే: అదే ఆకారము, అట్లే మలచి తగిలించు కటకము, ముందు అదే చిన్న పళ్ళచక్రము, ఊడివచ్చు వెనుకతలుపు. విప్పి చూచినచో లోపలి షట్టరు లైకాది: అడ్డముగా పరుగెత్తు బట్టతెర. వారు రెంటిని బల్లమీద పెట్టి, భాగము భాగముగా తీర్పు చెప్పినట్లున్నది. కాంటాక్సు బాహ్యమును గెలిపించిరి, లైకా అంతరంగమును గెలిపించిరి. షట్టరు విషయమున సామెత చెప్పువారి తీర్పు ఈ మేరకు సరియైనదే.

తప్పటడుగులును పడినవి. ఫిలిము పొదుపునకై బొమ్మను 36కు బదులు 32 మి.మీ. చేసిరి, అమెరికాలో స్లయిడుల చట్రములు ఆ కొలతకు తగవు. 1949లో 34, 1954లో 36 చేసి బార్నాక్ లెక్కకే తిరిగి వచ్చిరి. కాంటాక్సు కటకములు నైకానుకు తగులును గాని, దూరపు చిత్రములు తీయు పొడవు కటకములకు గురి తప్పును. తగులునని సంతసించి కొన్నవారు పిమ్మట తల పట్టుకొనుట నేటికిని జరుగుచున్నది.

1950 వేసవిలో 'లైఫ్' పత్రిక ఛాయాగ్రాహకుడు డేవిడ్ డగ్లస్ డంకన్ టోకియోలో ఉండెను. జున్ మికి అను జపాను యువకుడు నైకాను వారి 85 మి.మీ. కటకముతో అతని బొమ్మ తీసి చూపెను. డంకన్ నమ్మలేక కర్మాగారమునకే వెళ్లి తెరమీద పరీక్షించి చూచెను. అదే జూన్ 25న కొరియా యుద్ధము మొదలయ్యెను. అతడు తన లైకాలకు నైకాను కటకములను తగిలించుకొని రణరంగమునకు పోయెను. జర్మను శరీరము, జపాను కన్ను! న్యూయార్కు చేరిన ఆ చిత్రముల స్పష్టతను చూచి సంపాదకులు ఆశ్చర్యపడిరి. డిసెంబరు 10వ తేదీన న్యూయార్క్ టైమ్స్ జపాను కటకములను గూర్చి వ్రాసెను. అటుపిమ్మట జర్మనీకి ప్రత్యర్థి జర్మనీ కాలేదు.

మఱియొక విచిత్రము. విభజింపబడిన డ్రెస్డెను ముక్క కూడ 'కాంటాక్సు' పేరును విడువలేదు. 1949లో అచ్చటనుండి వెలువడిన 'కాంటాక్సు ఎస్' దూరమాపకముది కాదు. కటకము చూచినదానినే అద్దమునుండి, అయిదు మూలల పట్టకమునుండి కంటికి చూపునది. పదేండ్లకు, 1959లో, నైకాను వారు తమ దూరమాపకపు కెమెరా నడుమ అట్టి అద్దపుపెట్టెను అమర్చి 'నైకాన్ ఎఫ్' చేసి వార్తాపత్రికల లోకమును జయించిరి. దూరమాపకపు జాతి యంతయు వెనుకబడుటకు దారి చూపినవానిలో ఒకటి కాంటాక్సు పేరే మోసికొని తిరిగినది.

లైట్జు వారు మాత్రము ఆ దారి వెంటనే త్రొక్కలేదు. వారు చేసిన పని నాకు ఇంకను ఆసక్తికరముగా తోచును. 1954 ఏప్రిల్‌లో కొలోను నగరపు ప్రదర్శనమున 'లైకా ఎం3'ను చూపిరి. దానిలో గురి, హద్దులు ఒక్క కిటికీలోనే. దూరమాపకపు కిటికీల నడుమ యెడము పెరిగినది. కటకము మరలుతో బిగించునది కాదు, తగిలించి మలచునది. వెనుక కొంతభాగము తెరచుకొనును. నాలుగును 1936 నాటి కాంటాక్సులో నున్నవే. బట్టతెర మాత్రము మార్చలేదు. ఓడినదన్న కాంటాక్సునుండి గెలిచినదన్న లైకా ఇన్ని పాఠములు నేర్చినది. టోకియోవారు ఆరేండ్ల ముందు ఇచ్చిన తీర్పును వెట్జ్లారు వారును ఇట్లు ఒప్పుకొన్నట్లయ్యెను. బార్నాక్ దీనిని చూడలేదు. 1936 జనవరిలోనే, రెండవ కాంటాక్సు వెలువడిన సంవత్సరముననే, అతడు మరణించియుండెను.

అదే ఏప్రిల్‌లో రాబర్టు కాపా ఒక పత్రిక ఆహ్వానముపై జపానులో ఉండెను. అచ్చట నుండగా 'లైఫ్' వారు కోరినందున ఇండోచైనా యుద్ధమునకు బయలుదేరెను. మే 25వ తేదీన థాయ్‌బిన్ పోవు దారిలో, సైనికుల వరుసను చిత్రించుటకై రోడ్డు దిగి నడచుచు మందుపాతరపై అడుగు వేసెను. ఆయనకు నలువదేండ్లు. ఆనాడు ఆయన వెంట రెండు కెమెరాలుండెను. ఒకటి నలుపు తెలుపు ఫిలిముతో నున్న కాంటాక్సు; రెండవది రంగుల ఫిలిముతో నున్న నైకాను.